మూడు కట్టడలు

మా మాదిగపల్లెలో ఏ ముసలమ్మను అడిగినా కిరస్తానం అంటే ఏందో మూడు ముక్కల్లో చెబుతుంది. ఆదివారం పనికి పోగూడదు. చచ్చిన గొడ్డును తినగూడదు. బొమ్మకు మొక్కగూడదు, బొమ్మ ముందు డప్పు కొట్టగూడదు. త్రిత్వం గురించో రక్షణ గురించో అడిగితే ‘అయ్యగారిని అడుగమ్మా’ అంటుంది. ఈ మూడింటి గురించి మాత్రం ఆమె ఎవర్నీ అడగాల్సిన పనిలేదు. ఒంగోలు క్లౌ దొర కాలం నుంచి తల్లి బిడ్డకు, ఆ బిడ్డ తన బిడ్డకు చెప్పుకుంటా వచ్చిన కట్టడలు ఇవి.

నేను ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో టీచర్ని. మా ఇంటో డిగ్రీ చదివిన మొదటి మనిషిని. మా నాయన ముందు పాలేరు, తర్వాత కౌలురైతు, ఆ తర్వాత మళ్ళీ కూలి. మా అమ్మ మిరపకాయల కోతకు పోయేది. గుంటూరు, ప్రకాశం జిల్లాలు ఒకదాన్నొకటి ఒరుసుకునే నల్లరేగడి నేల మాది. పత్తి, మిరప, పొగాకు. భూమి ఊళ్ళోవాళ్ళది, చేతులు పల్లెవాళ్ళవి.

మా చరిత్రను ఇప్పటిదాకా రెండు రకాల వాళ్ళు చెప్పారు. మిషనరీలు చెప్పారు. అందులో మేము అంకెలం, ఫలానా ఏట ఇన్ని వేల ఆత్మలు. ఊళ్ళోవాళ్ళు చెప్పారు. అందులో మేము గంజికీ పాలపిండికీ మతం మారినవాళ్ళం. ఆ మూడు కట్టడలు మోసుకుంటా బతికిన ఇల్లు తన సంగతి తాను చెప్పుకోలేదు. ఆ లోటు కొంతైనా తీర్చాలని ఇది రాస్తున్నాను.

అమెరికన్ బాప్టిస్టులు నెల్లూరులో 1840లో మిషన్ పెట్టారు. పాతికేళ్ళు గడిచినా చేరినవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. మూసేద్దామా అని వాళ్ళ దేశంలోని పెద్దలు పలుమార్లు ఆలోచించారు. దానికి ‘ఒంటి నక్షత్రం’ అనే పేరు అట్లానే వచ్చింది. 1854 కొత్త సంవత్సరం రోజు తెల్లవారుజామున జ్యూయెట్ దొర నలుగురైదుగురితో కలిసి ఒంగోలు కొండ ఎక్కి ప్రార్థన చేశాడు. 1866లో జాన్ ఎవరెట్ క్లౌ ఒంగోలు వచ్చి కాపురం పెట్టాడు. మరుసటేడు జనవరి 1న ఎనిమిదిమందితో ఒంగోలు సంఘం మొదలైంది.

కానీ మా వైపు నుంచి చూస్తే ఈ కథ దొరతో మొదలుకాదు. తాళ్ళకొండపాడు ఎర్రగుంట్ల పేరయ్యతో మొదలవుతుంది. పేరయ్య మాదిగ. తోళ్ళ వ్యాపారి. యోగం నేర్చుకున్నవాడు, గురువుల్ని వెతుక్కుంటా తిరిగినవాడు. పోతులూరి వీరబ్రహ్మం బోధలు మాదిగపల్లెల్లో అప్పటికే తిరుగుతున్నాయి. ఆయన శిష్యుల్లో కక్కయ్య మాదిగ అని మావాళ్ళు గొప్పగా చెప్పుకుంటారు. గుళ్ళోకి రానీయని దేవుణ్ణి పక్కనబెట్టి, కనబడని ఒక్క దేవుణ్ణి వెతికే పని మావాళ్ళలో దొరలు రాకముందే ఉంది. ఆ వెతుకులాటలోనే పేరయ్య 1866లో బాప్తిస్మం తీసుకున్నాడు. 1867 జనవరిలో క్లౌ తాళ్ళకొండపాడు పోయేసరికి పేరయ్య చెప్పిన మాటలు విన్న జనం చుట్టుపక్కల ఊళ్ళ నుంచి వచ్చి కాచుకుని ఉన్నారు. అక్కడ 28 మంది బాప్తిస్మం పొందారు. ఈ సంగతులన్నీ క్లౌ, ఆయన రెండో భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ రాసిన పుస్తకాల్లోనే ఉన్నాయి. ఎమ్మా 1899లో వేసిన పుస్తకం మొత్తం మా మాదిగల గురించే, చెప్పులు కుట్టుకుంటా చెప్పుకున్న కథల గురించే.

మాదిగోళ్ళను చేర్చుకుంటే మేము రాము, మా పిల్లల్ని మీ బడికి పంపము అని ఒంగోలు పెద్దకులాలవాళ్ళు అన్నారనీ, ఎటు పోవాలో తేల్చుకోవాల్సి వచ్చిందనీ క్లౌ తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు. ఆయన మా వైపు వచ్చాడు. ఆ ఒక్క తీర్మానం లేకపోతే నా చేతిలో ఈ కలం ఉండేది కాదేమో.

ఇక గంజి సంగతి. 1876 నుంచి 78 దాకా ధాత కరువు. జనం ఆకులు అలములు తిని చచ్చారు. బకింగ్‌హామ్ కాలవ తవ్వకంలో మూడున్నర మైళ్ళ పనిని క్లౌ కంట్రాక్టుకు తీసుకున్నాడు. మా పల్లెల జనం వేలమంది అక్కడ మట్టి తవ్వి కూలి తీసుకుని ప్రాణాలు నిలబెట్టుకున్నారు. బోధకులు మేస్త్రీలుగా నిలబడ్డారు. పని నడిచినన్నాళ్ళు, కరువు సాయం పంచినన్నాళ్ళు, క్లౌ ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. ఏడాది పైన ఆపేశాడు. తిండి కోసం వచ్చారనే మాట పడకూడదని ఆయన ఉద్దేశం. సాయం డబ్బు అయిపోయింది, ఇక ఇచ్చేదేమీ లేదు అని చెప్పిన తర్వాత కూడా జనం వచ్చారు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది మునిగి లేచారు. నీళ్ళలో నిలబడి ముంచింది ఆరుగురు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున వంతులేసుకుని. ఆ ఏడాది చివరికి లెక్క తొమ్మిదివేలు దాటింది. గంజి ఆగిన తర్వాత వచ్చినవాళ్ళను గంజి కిరస్తానం అనడం ఏం న్యాయం? మా తాతకు తాత ఆ గుండ్లకమ్మ నీళ్ళలో ఉన్నాడని మా ఇంట్లో చెప్పుకుంటారు. కాగితం లేదు. మాలాంటి ఇళ్ళలో అప్పుడు కాగితం యాడిది?

మొదటి కట్టడ ఆదివారం. చదువుకున్నవాళ్ళకు ఇది ఆచారంలాగా కనిపిస్తుంది. పాలేరు ఇంట్లో పుట్టినవాళ్ళకు తెలుసు అది ఎంత పెద్ద మాటో. పాలేరుకు వారం లేదు, పగలు రాత్రి లేదు. కోడికూతకు ముందు కామందు గొడ్లసావిట్లో ఉండాలి. ఏడాదికి ఇన్ని బస్తాల ధాన్యం అని జీతం మాట్లాడుకుంటే, ఆ ఏడాదిలోని రోజులన్నీ కామందువే. అట్లాంటి మనిషి ‘రేపు నేను రాను, దేవుడి దినం’ అన్నాడంటే, తన రోజుల్లో ఒకటి తనది అని చెప్పినట్టు. బొంబాయి మిల్లు కార్మికులకు ఆదివారం సెలవు దొరికింది 1890లో, జోతిబా ఫూలే అనుచరుడు నారాయణ్ మేఘాజీ లోఖండే ఏళ్ళతరబడి పోరాడితే. అంతకు ఇరవై ఏళ్ళ ముందే ఒంగోలు చుట్టుపక్కల మాదిగ పాలేర్లు ఆదివారం అడగటం మొదలుపెట్టారు. యూనియన్ లేదు, జెండా లేదు. దెబ్బలు తిన్నారు. చాకలిని ఆపారు, బావి దగ్గరికి రానీయలేదు, పనిలోంచి తీసేశారు. కార్మికోద్యమ చరిత్రల్లో ఈ సమ్మె ఎక్కడా కనబడదు. పాట పాడుకుంటా చేశారు కాబట్టి అది భక్తి కింద జమైపోయింది.

ఆ ఆదివారం మా ఇంట్లో ఇంకో పని కూడా చేసింది. మా అమ్మ బడికి పోలేదు. కానీ ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో ఏ పాటది ఏ నంబరో అమ్మకు తెలుసు. చర్చిలో అయ్యగారు నంబరు చెబుతాడు. పక్కనున్నవాళ్ళు పేజీ తీసి చూపిస్తారు. పాట అప్పటికే నోటికొచ్చు. నోట్లో ఉన్న మాటను కాగితం మీదున్న గీతకు జత చేసుకుంటా, ఆదివారానికి నాలుగు అక్షరాల చొప్పున అమ్మ చదవడం నేర్చుకుంది. నేను డి.ఎడ్.లో పిల్లలకు చదవడం నేర్పే పద్ధతులు చదివినప్పుడు, ఇదే పద్ధతిని మా అమ్మ తనకు తాను కనిపెట్టుకుంది గదా అనుకున్నాను. నాకు ఓనమాలు దిద్దించింది ఆమే.

అయితే కట్టడ ఒక తరంలో విడుదల అయితే, ఇంకో తరంలో బరువు కావచ్చు. నాగార్జునసాగర్ కాలవలకు 1967లో నీళ్ళు వదిలారు. నీళ్ళతోపాటు వ్యాపార పంటలూ పెరిగినయ్. పాలేరుతనం తగ్గి రోజుకూలీ, ముఠాకూలీ వచ్చింది. మిరపకు మాఘం, ఫాల్గుణం, చైత్రం ఊపిరాడని రోజులు. పండిన కాయ చెట్టుమీద ఆగదు. కోసి, కళ్ళంలో ఆరబోసి, తాలు ఏరి, టిక్కీలు తొక్కి గుంటూరు యార్డుకు చేర్చాలి. మధ్యలో ఒక్క వాన పడితే కాయ రంగు మారుతుంది, ధర సగానికి పడుతుంది. అందుకే ఆసాములు ఆదివారం కూడా కోత పెడతారు. ముఠాలో ఇరవైమంది ఆడవాళ్ళుంటే అందరూ పోవాలి, లేకపోతే మేస్త్రీ పక్కూరి ముఠాను పిలుస్తాడు. మూడు నెలల కోతకూలీతోనే మా ఇళ్ళలో పిల్లల ఫీజులు, కిరాణా బాకీ, పెళ్ళిళ్ళు.

నేను ఇంటర్ చదివే రోజుల్లో మా సంఘంలో దీనిమీద పెద్ద గొడవ జరిగింది. ఆదివారం కోతకు పోయిన ఆడవాళ్ళను ప్రభువు బల్ల నుంచి ఆపాలని సంఘపెద్దలు అన్నారు. పెద్దలంతా మగవాళ్ళే. వాళ్ళలో ముగ్గురు ఆదివారం పొద్దున ప్రార్థన ముగించుకుని మధ్యాహ్నం పొగాకు బారెన్‌ దగ్గర కాపలా కాసేవాళ్ళు. కాపలా పని కాదంట. ఆ రోజు మా అమ్మ లేచి నిలబడింది. అప్పటిదాకా సంఘం మీటింగులో ఆడమనిషి ప్రార్థన చేసింది గానీ మాట్లాడింది లేదు.

‘అయ్యగారూ, ప్రభువు శిష్యులు విశ్రాంతిదినాన చేల్లోంచి పోతా ఆకలేసి కంకులు తుంచుకు తిన్నారని మీరే చెబితిరి. ఆయన వాళ్ళను యాడ కూడా బల్ల నుంచి లేపలేదే. మేము తుంచేది మిరపకాయలు, తినేదానికి గూడా పనికిరావు. మా పిల్లల ఆకలి మీ లెక్కలో లేదా?’ అంది.

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఒక పెద్దాయన, ‘తాతల కాలం నుంచి కట్టడ గదమ్మా’ అన్నాడు. అమ్మ కూర్చోలేదు. ‘తాతలకు కామందు పగ్గం తెంచేదానికి పెట్టిన కట్టడ పెద్దయ్యా అది. మీరు దాన్ని తెచ్చి మాకు పగ్గం ఏస్తన్నారు’ అంది. చివరికి మిరప కోతల మూడు నెలలూ ఆదివారం ఆరాధన రాత్రి పూట పెట్టుకోవాలని తీర్మానమైంది. ఇప్పటికీ మా పల్లెలో అదే నడుస్తా ఉంది. కోతనుంచి వచ్చి, చేతుల మంట పోయేదానికి కొబ్బరినూనె రాసుకుని, ఆ చేతులతోనే పాటల పుస్తకం పట్టుకుంటారు. ఆ రాత్రి ఆరాధనలకు వచ్చినంతమంది ఆడవాళ్ళు పగటి ఆరాధనలకు ఎప్పుడూ రాలేదు. సంఘ కమిటీలో ఆడమనిషి పేరు రావడానికి మాత్రం ఇంకో పదేళ్ళు పట్టింది.

ఆ ఆడవాళ్ళే సంఘాన్ని నిలబెట్టారు. పిడికెడు బియ్యం అని మా దగ్గర ఒక అలవాటు. రెండు పూటలా ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు తీసి కుండలో వేస్తారు. వారానికోసారి అన్నీ కలిపి అయ్యగారి ఇంటికి చేరుస్తారు. 1987-88లో గుంటూరు, ప్రకాశం పత్తి చేల మీద తెల్లదోమ పడింది. మా నాయన మొదటిసారి రెండెకరాలు కౌలుకు తీసుకుని పత్తి వేసిన ఏడు అది, నేను పుట్టిన ఏడు కూడా. మందు మీద మందు కొట్టినా దోమ చావలేదు. చేను నల్లగా మాడిపోయింది. పురుగుమందుల కొట్లో బాకీ మిగిలింది. ఆ ఏడు ఈ రెండు జిల్లాల్లో ఎందరో పత్తిరైతులు ఆ మందే తాగి చచ్చిపోయారు. మా నాయన చావలేదు. దానికి కారణం అమ్మ ఎప్పుడూ ఒకటే చెబుతుంది. పత్తి పోయిన తర్వాత నాలుగు నెలలపాటు పిడికెడు బియ్యం అయ్యగారింటికి పోకుండా మా ఇంటికి వచ్చింది. ఆ మాట అన్నది కూడా అయ్యగారి భార్యే. ‘మాకు జీతమన్నా ఉంది, బాలింత ఇంటికి పోనీండి’ అందంట. బాకీ అడగటానికి మనిషి వచ్చినరోజు పల్లెలోని పదిమంది మా ఇంటిముందు కూర్చున్నారు. నాకు తెలిసిన సంఘం అంటే ఆ బియ్యం, ఆ పదిమంది.

రెండో కట్టడ, చచ్చిన గొడ్డు. ఇది మా ఇంట్లో గొడవ లేకుండా నిలిచింది. ఊళ్ళో గొడ్డు చస్తే ఈడ్చుకుపోవడం మాదిగకు వెట్టి. తోలు ఒలిచి చెప్పులు, మోటబొక్కెనలు కుట్టివ్వాలి. ఆ చచ్చిన మాంసమే కూలి. క్లౌ వద్దన్నది ఆ కూలిని. 1927లో మహద్‌లో అంబేద్కర్ తన జనానికి ఇదే మాట చెప్పాడు. రెండూ వేరు వేరు చోట్ల, వేరు వేరు నోళ్ళలోంచి వచ్చినా ఒకే మాట. వాడి పారేసింది మన తిండి కాదు అని. కోసిన ఎద్దుమాంసం తినడం మా ఇంట్లో ఎప్పుడూ తప్పు కాదు. క్రిస్మస్‌కు అదే మా పండగకూర. ఈ తేడా తెలియకుండా మమ్మల్ని అసహ్యించుకునేవాళ్ళు బయట ఉన్నారు. నాగరికత పేరుతో ఆ కూరను చర్చి విందుల్లోంచి తీసేసి కోడికూరే వండాలనేవాళ్ళు ఇప్పుడు లోపల కూడా తయారయ్యారు.

మూడో కట్టడ మా ఇంటిని రెండుగా చీల్చింది. డప్పు.

జాతరకు, పెద్దకులాల చావుకు, ఊరి చాటింపుకు మాదిగ డప్పు కొట్టి తీరాలి. అది వెట్టి. కిరస్తానం పుచ్చుకున్నాక ‘కొట్టం’ అన్నారు. విగ్రహం ముందు కొట్టగూడదు అన్నది దొర మాట అయితే, కొట్టకపోతే తంతారు అన్నది ఊరి మాట. మా తాత తండ్రి ఆ రెండింటి మధ్యా నిలబడి డప్పు దించాడు. పోలేరమ్మ తిరునాళ్ళలో కొట్టనన్నందుకు ఆయన్ను రావిచెట్టుకు కట్టేశారని మా తాత చెప్పేవాడు. మా తాత సంఘపెద్ద. మా ఇంట్లోకి డప్పు రాలేదు.

1994 జులై 7న మా ప్రకాశం జిల్లా ఈదుముడిలో మాదిగ దండోరా పుట్టింది. ఎస్సీ రిజర్వేషన్లను వర్గీకరించాలి, మాదిగకు మాదిగ వాటా రావాలి అని. దాచుకున్న కులం పేరును మావాళ్ళు పేరు చివర పెట్టుకున్నారు. దించిన డప్పును భుజానికి ఎత్తుకున్నారు. మా నాయన పక్కూళ్ళో మామ వరసయ్యే ఆయన దగ్గర దెబ్బ నేర్చుకుని, ఒక డప్పు కొనుక్కొచ్చి మా ఇంట్లో గోడకు తగిలించాడు.

మా తాత ఆ డప్పు చూసి ఇంట్లోకి అడుగుపెట్టలేదు. వాకిట్లో నిలబడే అన్నాడు. ‘దాన్ని దించేదానికి నా తండ్రి చెట్టుకు కట్టించుకుని తన్నులు తిన్నాడురా. నువ్వు మళ్ళా ఎత్తుకుంటావా?’

మా నాయన చెప్పిన జవాబు పల్లెలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ‘ఆయన్ను కామందు కొట్టమన్నాడు, ఆయన కొట్టనన్నాడు. నన్నెవురూ కొట్టమన్లేదు నాయనా. నేనే కొడతన్నా.’

ఇద్దరూ నిజమే చెప్పారు. నాకు వయసొచ్చాక అర్థమైన సంగతి అది. తాతది డప్పు మీద పగ కాదు. డప్పులో ఆయనకు చెట్టుకు కట్టిన తాడు కనిపించింది. నాయనకు ఆ తాడు తెగినతర్వాత మిగిలిన తోలు కనిపించింది. సంఘం మాత్రం ఇద్దర్నీ అర్థం చేసుకోలేదు. మా నాయనను ఏడాదిపాటు బల్ల నుంచి ఆపారు. ఆ ఏడాదీ ఆయన ఒక్క ఆదివారం మానలేదు. వెనక వరసలో కూర్చునేవాడు, రొట్టె వచ్చినప్పుడు తలొంచుకునేవాడు. తాత 2003లో పోయాడు. దండోరా పిల్లలు డప్పులతో వచ్చారు. నాయన వాళ్ళను ఆపాడు. ‘బతికుండగా ఆయనకు ఇష్టంలేని పనిని శవం మీద చెయ్యగూడదు’ అన్నాడు. పాటలతోనే సమాధుల తోటకు తీసుకుపోయాం. ఇప్పుడు మా పల్లెలో క్రిస్మస్ నక్షత్రం ఊరేగింపు డప్పుతోనే నడుస్తుంది. చర్చి గుమ్మం దాకా. గుమ్మం లోపల కీబోర్డు, ప్యాడ్లు ఉన్నాయి. డప్పు ఇంకా బయటే.

గుమ్మం లోపలి సంగతులు ఇంకా ఉన్నాయి. గుంటూరుకు లూథరన్ మిషనరీ హేయర్ వచ్చింది 1842 జులై 31న. ఆంధ్ర క్రిస్టియన్ కాలేజీ, కుగ్లర్ ఆసుపత్రి అన్నీ ఆ మిషన్ కొమ్మలే. మొత్తం మీద మా జిల్లాల్లో లూథరన్ అంటే మాలలు, బాప్టిస్టు అంటే మాదిగలు అన్నట్టు తయారైంది. అంతకుముందు 18వ శతాబ్దంలోనే కథోలికులైన రెడ్లు, కమ్మలు గుంటూరు జిల్లాలో ఉన్నారు. వాళ్ళు రెడ్లుగా, కమ్మలుగానే ఉన్నారు. ఒకే ప్రభువు, ఎవరి పల్లె వాళ్ళది, ఎవరి గంట వాళ్ళది. నేను తోటి టీచర్ని పెళ్ళి చేసుకుంటానన్నప్పుడు ఇది నాకు బాగా తెలిసొచ్చింది. ఆయన మాల, లూథరన్. నేను మాదిగ, బాప్టిస్టు. రెండు సంఘాల పెద్దలూ బైబిళ్ళు తెచ్చుకుని కూర్చున్నారు. చిన్నప్పుడు చిలకరించిన బాప్తిస్మం చెల్లుతుందా, పెద్దయ్యాక ముంచిందే చెల్లుతుందా అని మూడు గంటలు వాదించుకున్నారు. కులం మాట ఒక్కరూ ఎత్తలేదు. అందరూ దాని గురించే మాట్లాడారు. చివరికి మా అత్త అడిగింది, ‘పిల్ల మునిగింది, పిల్లోడు తడిశాడు, ఇంకెంత నీళ్ళు కావాలయ్యా మీకు?’ అని. మా పెళ్ళి లూథరన్ చర్చిలో జరిగింది, విందు బాప్టిస్టు పల్లెలో పెట్టాం. మా వైపు సగంమంది వచ్చారు.

బయటివాళ్ళకు మాత్రం ఈ తేడాలు ఏనాడూ కనబడలేదు. 1985 జులై 17న కారంచేడులో మాదిగపల్లె మీద పడి ఆరుగుర్ని నరికారు. చచ్చిపోయినవాళ్ళ పేర్లలో మోషే ఉంది, అబ్రహాం ఉంది. తాగేనీళ్ళ చెరువులో బర్రెల కుడితి బకెట్లు కడగొద్దన్నందుకు మొదలైన గొడవ అది. ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని చీరాల చేరినవాళ్ళకు నీడ ఇచ్చింది చర్చి ఆవరణ. అక్కడ నుంచే దళిత మహాసభ పుట్టింది. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమందిని చంపి గోతాల్లో కుక్కి కాలవలో వేశారు. 2007లో ప్రత్యేక కోర్టు వేసిన శిక్షల్ని 2014లో హైకోర్టు కొట్టేసింది. గొడ్డలి ఎత్తినవాడు నీది చిలకరింపా మునకా అని అడగలేదు. బాప్తిస్మం కులాన్ని కడిగిందా లేదా అని వేదాంతులు వాదించుకోనీండి. ఊరికి ఆ సంగతి తెలిసినట్టు లేదు.

సర్కారుకు మాత్రం కడిగినట్టే లెక్క. 1950 రాష్ట్రపతి ఉత్తర్వులో మూడో పేరా ఒకటుంది. హిందువు కానివాడు షెడ్యూల్డు కులంవాడు కాడు అని. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. క్రైస్తవుల్ని, ముస్లింల్ని చేర్చలేదు. 1970 నుంచి మన రాష్ట్రంలో క్రైస్తవంలోకి పోయిన ఎస్సీలకు బి.సి.‘సి’ గ్రూపు, ఒక్క శాతం. రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లో మతంతో ముడి తీసెయ్యమంది. 2022లో కేంద్రం ఇంకో కమిషన్ వేసింది. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా ఇవ్వమని తీర్మానం చేసింది. 2025 ఏప్రిల్‌లో గుంటూరు ప్రాంతపు ఒక పాస్టరు కేసులో, మతం మారినవాడికి అట్రాసిటీ చట్టం వర్తించదని హైకోర్టు చెప్పింది. కులం పేరుతో తిట్టేవాడికి వర్తించని నియమం తిట్లు తిన్నవాడికి వర్తించింది.

ఆ పేరా మా ఇంట్లోకి కూడా వచ్చింది. మా అన్న పేరు చివర ‘రావు’ ఉంది. బళ్ళో చేర్చినరోజు ఆ పేరు చూసి హిందూ-మాదిగ అని రాశారు. నా పేరులో బైబిలు ఉంది. నన్ను చేర్చినరోజు అడక్కుండానే క్రిస్టియన్ అని రాశారు. ఒకే తల్లి బిడ్డలం, ఒకే చాప మీద పడుకున్నాం, ఒకే ఆదివారం ఒకే చర్చికి పోయాం. అన్న ఎస్సీ, నేను బి.సి.‘సి’. అన్నకొచ్చిన హాస్టలు సీటు నాకు రాలేదు. డి.ఎస్సీ.లో ఒక్క శాతం పోస్టుల్లో నేను ఉద్యోగం తెచ్చుకున్నాను. నాతోపాటు చదివిన, నాకంటే బాగా చదివిన పిల్లలు ఆ ఒక్క శాతంలో పట్టక మిరపచేలల్లోనే ఉన్నారు. 1895లో వినుకొండలో పుట్టిన గుర్రం జాషువా లూథరన్ బడిలో పంతులుగా పనిచేశాడు. పద్యాలు రాస్తే సవర్ణ పండితులు పక్కన కూర్చోనీయలేదు, హిందూ పురాణాల మీద రాశాడని క్రైస్తవులూ తప్పుపట్టారు. రెండు గుమ్మాల మధ్య నిలబడటం మాకు ఆయన కాలం నుంచీ అలవాటే.

ఇప్పుడు ఆ రిజిస్టరు నా చేతిలో ఉంది. జూన్‌లో బిడ్డను చంకనేసుకుని తల్లులు వస్తారు. వాళ్ళలో చాలామంది ముందురోజు నా పక్కన కూర్చుని పాట పాడినవాళ్ళే. మతం గడి దగ్గరికి వచ్చేసరికి నా మొహంలోకి చూస్తారు. ‘ఏం రాయమంటావమ్మా?’ అని అడుగుతారు. ఏది రాస్తే ఏమవుతుందో, ఏది పోతుందో పూర్తిగా చెబుతాను. తర్వాత వాళ్ళు చెప్పిందే రాస్తాను. ఒకామె రెండురోజులు ఆలోచించుకుని వచ్చి, ‘ప్రభువుకు నా సంగతి తెలుసు, సర్కారుకు తెలియదు, హిందూ అని రాయమ్మా’ అంది. ఇంకొకామె, ‘మా అవ్వ తన్నులు తిని నిలబెట్టిన పేరు, క్రిస్టియన్ అనే రాయి’ అంది. వీళ్ళిద్దరిలో ఎవరి విశ్వాసం తక్కువదని నేను తీర్పు చెప్పలేను. అట్లా తీర్పులు చెప్పే పాస్టర్లు రాత్రి ఆరాధనలో ఈ ఇద్దరి చేతుల్నీ ఒకసారి చూడాలి. మిరప ఘాటుకు రెండు జతలూ ఒకేలాగా పొంగి ఉంటాయి.

మా సంఘాలను నేను అడిగేది మూడే. తాతల కట్టడలు ఎందుకు పుట్టినయ్యో ఆదివారం బడిలో పిల్లలకు చెప్పండి. అవి దొర నియమాలుగానే కాదు, మావాళ్ళ సమ్మెలుగా కూడా తెలియాలి. కమిటీలో సగం కుర్చీలు పిడికెడు బియ్యం తీసేవాళ్ళకు ఇవ్వండి. మాల చర్చికీ మాదిగ చర్చికీ మధ్య సమాధుల తోట గోడనన్నా ముందు తీసెయ్యండి, బతికున్నవాళ్ళ సంగతి తర్వాత చూసుకుందాం. సర్కారును అడిగేది ఒకటే, ఆ మూడో పేరా తీసెయ్యమని. పోయిన క్రిస్మస్‌కు మా నాయన డప్పు పట్టుకుని చర్చి గుమ్మం దాకా వచ్చి ఆగాడు. కమిటీలో ఉన్న మా అమ్మ వచ్చే మీటింగులో ఆ సంగతి కూడా ఎత్తుతానంది.